గీత నిండేదాకా

"డ్రైవరు శక్తినగర్‌ల ఆపకుండ సీదా బ్రిడ్జి దాటించిండనుకో, అప్పుడేం జేస్తవ్ బిడ్డా?" అన్నది పంపమ్మ.

బస్సు ఇంకా రాయచూరు బస్టాండులోనే ఉంది. డ్రైవరు కింద నిలబడి చాయ్ తాగుతున్నాడు. కిటికీ పక్కన కూర్చున్న సహన ఒళ్ళోని నల్లబ్యాగును సర్దుకుని, "అవుతల దిగి ఇంకో బస్సుల వాపసొస్త," అన్నది.

"అవుతల ఇప్పుడు కొత్త రాష్ట్రమంట గద. మొన్ననే చేసిండ్రంట. అడ్డం నిలబడి ఎవరు మీరు అని అడుగుతరేమో."

"అడిగితే మా అమ్మ కూడ ఉన్నదని చెప్త."

సహన నవ్వలేదు గానీ నవ్వు చెంప లోపల దాచుకున్నట్టు కనిపించింది. పంపమ్మ కొంగుతో మెడ తుడుచుకుని ఇంకో సంగతి గుర్తు తెచ్చుకుంది. ఇంటికి తాళం వేసేముందు మెయిన్ దించిందా లేదా? దించినట్టే గుర్తు. స్విచ్చు కిందికి పడినప్పటి టక్ చప్పుడు చెవిలో ఉంది. కాని ఆ చప్పుడు ఇవాళ్టిదో నిన్నటిదో ఎట్లా తెలిసేది? వాళ్ళ వీధిలో కరెంటు నమ్మదగ్గది కాదు. బల్బు రెప్ప కొట్టిందంటే వెనకనే వోల్టేజి ఎగిరిపడుతుంది. ఒకసారి అట్లాగే టీవీలోంచి పొగ వచ్చింది. అప్పటి నుంచి ఎవరింట్లో ముందు కనిపిస్తే వాళ్ళు "మెయిన్" అని కేక వేస్తారు, ఆ కేక గోడ మీంచి గోడ మీదికి పోతుంటే వీధంతా టక్ టక్ మని స్విచ్చులు దించుకుంటూ పోతుంది. కూరలో ఉప్పు వేస్తున్నా, జడ వేస్తున్నా, పంపమ్మ చెయ్యి ముందు మెయిన్ దగ్గరికే పోయేది.

సహన వాదిరాజ్ కంప్యూటర్ దుకాణంలో పని చేస్తున్నది. దుకాణంలో కూర్చుని చేసే పనికి పంపమ్మ ఒప్పుకుంది. ఇండ్లకు పోయి చేసే పనికి మాత్రం తాను తోడుపోవాలన్నది. వాదిరాజ్ మొదట నవ్వాడు, తర్వాత అలవాటు పడ్డాడు. ఇప్పుడు ఫోన్లోనే కస్టమర్లకు "ఇద్దరొస్తరు, ఒకరు పని చేస్తరు, ఒకరు కూసుంటరు," అని చెప్పేస్తాడు.

బస్సు కదిలింది. ఊరు దాటినాక ఎండలో దూరంగా పొగగొట్టాలు కనిపించాయి. వాటి మీంచి లేచిన పొగ ఎటూ పోకుండా అక్కడే నిలబడి ఉంది. దేవసూగూరు రాగానే పంపమ్మ గుడి ఉన్న వైపు తిరిగి కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. కళ్ళు తెరిచేసరికి బస్సు శక్తినగర్‌లో ఆగి ఉంది. సహన దిగిపోయి కింద నుంచి చెయ్యి చాపింది.

*

ఆ రోజు మిషన్ బాగుచేయమని పిలిచిన ఇందుమతి ఉండేది కరెంటు ప్లాంటు కాలనీలో, కింది వరస క్వార్టర్స్‌లో. ఆమె భర్త ప్లాంటులో ఆపరేటర్. ఆమెది సింధనూరు అవతల బాళగనూరు. కాలువ నీళ్ళ కోసం ఎప్పుడో ఆంధ్రా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న వాళ్ళ పిల్ల. మాటలో ఆ యాస ఇంకా పోలేదు.

"రండి రండి. ఎండన పడి వచ్చారు. మజ్జిగ తాగుతారా, టీ పెట్టనా?" అంటూ కుర్చీ మీది గుడ్డలు తీసి పక్కన పెట్టింది. గదిలో ఒక మూలన మగ్గం చట్రం, దానికి బిగించిన ఎర్ర పట్టుగుడ్డ. ఇంకో మూలన కంప్యూటరు. కిటికీ మూసే ఉన్నా బల్ల మీద సన్నటి బూడిద పేరుకుని ఉంది. సహన వేలితో గీసి చూసి, బ్యాగులోంచి బ్రష్షు తీసింది.

ఇందుమతి జాకెట్ల మీద మగ్గం పని చేస్తుంది. బొమ్మలు కంప్యూటరులోనే వేస్తుంది. మౌసు పట్టుకుని ఒక్కొక్క ఆకూ, ఒక్కొక్క నెమలి కన్నూ గీసుకుని, కాగితం మీద అచ్చు తీసి గుడ్డ మీద దిద్దుకుంటుంది. ఆ అలవాటు ఎవరూ నేర్పలేదనీ, ఆయన డ్యూటీకి పోయినప్పుడు ఊరికే గీస్తూ గీస్తూ వచ్చిందనీ చెప్పింది.

"ఈ మధ్య మరీ మొరాయిస్తోందమ్మాయ్. ఒక నెమలి తెరుచుకునేసరికి అన్నం ఉడుకుతోంది. పైగా అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, చీమల్లా. నా కళ్ళకి ఆనవు. పై క్వార్టర్స్‌లో పెళ్ళి ఉంది. పెళ్ళికూతురి వీపు బొమ్మ ఇందులోనే ఉంది. ఈ వారంలో గుడ్డ మీదికి ఎక్కాలి."

"పాత విండోస్‌కు కంపెనీ మందులు పంపుడు బంద్ చేసింది మేడం," అన్నది సహన సీపీయూ పక్కరేకు విప్పుతూ. "ఏ రోగమొచ్చినా ఇంక దిక్కు లేదు. కొత్త విండోస్ పెడదామంటే ఈ మిషన్ మోయలేదు. లినక్స్ అని ఒకటుంది, తేలికది. పాతదాని పక్కకే పెడుత, బొమ్మల జాగల బొమ్మలుంటయి. అందుల తెలుగు కూడ ఉంటది. అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దగ చేస్త."

"తెలుగే? మొత్తం?"

"మొత్తం. మీ బొమ్మలకు కూడ పేర్లు పెట్టి ఇస్త. మెడవి ఒక దగ్గర, చేతులవి ఒక దగ్గర, వీపువి ఒక దగ్గర."

ఇందుమతి ముఖం వెలిగింది. పంపమ్మ కూతురి చేతుల వైపే చూస్తూ కూర్చుంది. ఆ చేతులు ఇంట్లో గిన్నె తోమితే సగం జిడ్డు వదిలేస్తాయి. ఇక్కడ మాత్రం చిన్న మరమేకును కూడా విప్పగానే మూతలో పెట్టుకుంటాయి. లోపలి ఫ్యాను రెక్కలకు పట్టిన బూడిదను ఒక్కో రెక్కా పట్టుకుని దులుపుతాయి. పిల్లకు షాకు కొడుతుందేమోనని పంపమ్మకు భయం. "ప్లగ్గు పీకినవా?" అన్నది. సహన పీకిన ప్లగ్గును ఎత్తి చూపించి మళ్ళీ పనిలో పడింది.

రేకు బిగించి, మిషన్ ఆన్ చేసి, సహన మొదట చేసిన పని బ్యాగులోంచి అరచేతిలో పట్టేంత నల్లడబ్బా తీసి తగిలించడం. బొమ్మలన్నీ అందులోకి కాపీ అవుతాయన్నది. అది చాలాసేపు పట్టింది. మజ్జిగ అయిపోయింది. ఇందుమతి మగ్గం దగ్గర కూర్చుని సూదిలో జరీ ఎక్కించుకుంది.

"ఆ పాతదాని పక్కకే కొత్తది పెడుతున్న అంటివి గద," అన్నది పంపమ్మ. "బొమ్మల జాగల బొమ్మలుంటయంటివి. మళ్ళ ఇదంత ఎందుకు?"

"ఏమన్న అయితే?" అన్నది సహన తెర మీది నుంచి చూపు తిప్పకుండానే.

పంపమ్మ ఉలిక్కిపడింది. అది తన మాట. రోజుకు ఎన్నిసార్లు అంటుందో తనకే తెలియదు. బస్సు ఎక్కితే, గ్యాసు వెలిగిస్తే, పిల్ల తలకు పోసుకుని తడి జుట్టుతో బయటికి పోతే అనేదే ఆ మాట. కాని ఇప్పుడు సహన నోట అది భయంలా వినిపించలేదు. దర్జీ కత్తెర పెట్టేముందు గుడ్డను ఇంకోసారి కొలిచినట్టు ఉంది.

కాపీ అయ్యాక సహన నల్లడబ్బాను తీసి బ్యాగు లోపలి అరలో పెట్టి జిప్పు వేసింది. బల్ల కింద వంగి చూసి, "యూపీఎస్ లేదా మేడం?" అని అడిగింది.

"మాకెందుకమ్మాయ్? కరెంటు పుట్టేదే ఇక్కడ. కాలనీలో దీపం ఆరగా నేను చూడలేదు."

సహన ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత సీడీ లోపలికి తోసింది. నల్లతెర, ఆ తర్వాత ఊదారంగు తెర. భాషల వరస పైకి పోతూ పోతూ ఒకచోట ఆగింది. అంతే, తెర మీద అక్షరాలు మారిపోయాయి. పంపమ్మ కన్నడ బడిలో చదువుకుంది. ఇంట్లో మాట్లాడే భాషను ఎన్నడూ అచ్చులో చదివింది కాదు. అయినా ఆ అక్షరాలు పరాయిగా లేవు, చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్లలు పెద్దయ్యాక కనబడినట్టు ఉన్నాయి. "కొ... న... సా... గిం... చు," అని కూడబలుక్కుంది. సహన అక్కడే నొక్కింది.

తెర కింద సన్నటి గీత మొదలైంది. ఎడమ కొస నుంచి రంగు నిండుతూ వస్తున్నది. కదులుతున్నట్టు కనబడదు. చూపు తిప్పి మళ్ళీ చూస్తే ఇంకొంచెం ముందుకొచ్చి ఉంటుంది.

"గీత నిండేదాకా దీన్ని ముట్టుకోవద్దు, అంతే," అన్నది సహన. ఇందుమతి పై క్వార్టర్స్ నుంచి పెళ్ళివాళ్ళ గుడ్డ తెస్తానని చెప్పి చెప్పులు వేసుకుని పోయింది. సహన గోడకు ఆనుకుని కింద కూర్చుంది. ఫ్యాను తిరుగుతున్నది. దూరంగా ప్లాంటు హోరు, ఎడతెగకుండా, ఎవరో తలుపు అవతల నిద్రపోతూ ఊపిరి తీస్తున్నట్టుగా. కిటికీలోంచి కూలింగ్ టవర్ల ఆవిరి కనిపిస్తున్నది. తెల్లగా లేచి, మేఘం అవుదామా వద్దా అని ఆలోచించి, విడిపోతున్నది. పంపమ్మకు కళ్ళు మూతలు పడ్డాయి.

కలలో ఆ ఆవిరి మెత్తగా లోపలికి వచ్చింది. ఇల్లు తమదే. సహన చిన్నపిల్ల, పట్టీలు పెట్టుకుని గీత మీద నడుస్తున్నది. గీత ఏటి మీద వంతెనలాగ ఉంది, అవతలి ఒడ్డుకు ఇంకా అందలేదు. ఆగు బిడ్డా, నిండనీ, అంటున్నది తాను. గొంతు రావడం లేదు. గీత వెలుగు ఒక్కసారి సన్నబడింది. మళ్ళీ పెరిగింది. మళ్ళీ సన్నబడింది. ఫ్యాను మూలుగుతూ నెమ్మదించింది. గోడ అవతల ఎవరో మెయిన్ అని కేక వేశారు.

పంపమ్మ లేచింది. కాళ్ళు నడిచాయి. వరండాలో తలుపు వెనక రేకుపెట్టె. అన్ని ఇండ్లలో అక్కడే ఉంటుంది. చెయ్యి పైకి పోయింది. టక్ మన్నది.

ఆ నిశ్శబ్దానికి ఆమె పూర్తిగా మేలుకుంది. ఎదురుగా తెలియని వాకిలి, తెలియని మొక్కలు, ఆకుల మీద తెల్లటి బూడిద. ఎవరూ కేక వేయలేదు. పక్కింటి వాళ్ళు నీళ్ళ మోటారు వేసినట్టున్నారు, అదొక్కటే గురగురమంటున్నది. పంపమ్మ స్విచ్చును మళ్ళీ పైకి తోసి లోపలికి వచ్చింది. సహన లేచి నిలబడి ఉంది. తెర నల్లగా ఉంది. సహన తల్లి ముఖం వైపూ, వరండా వైపూ ఒకసారి చూసి, ఏమీ అడగకుండా మిషన్ మళ్ళీ ఆన్ చేసింది.

లోపలి నుంచి టిక్, టిక్ మని చప్పుడు. కాసేపు ఆగడం. మళ్ళీ టిక్, టిక్. సహన సీపీయూకు చెవి ఆనించి వింది. "డిస్కు పోయింది," అని గొణిగింది.

ఇందుమతి పెళ్ళివాళ్ళ గుడ్డ చంకన పెట్టుకుని వచ్చి నల్లతెరను చూసి ఆగిపోయింది. "ఏమైందమ్మాయ్?"

పంపమ్మ నోరు తెరిచింది.

"మధ్యల ఆగిపోయింది మేడం," అన్నది సహన. "డిస్కు పాతది, తట్టుకోలే. నేను చూస్కోవాల్సింది. కొత్త డిస్కు తెచ్చి వేస్త. మీ బొమ్మలు ఎక్కడికీ పోలే, నా దగ్గరున్నయి."

"నీ దగ్గర అంటే? ఆ డబ్బాలోనా? చూపించు మరి."

"చూపియ్యాలంటే మిషన్ కావాలె గద మేడం."

ఇందుమతి కుర్చీలో కూలబడింది. తర్వాత లేచి ఫోను తీసుకుంది. గొంతు తగ్గించే మాట్లాడింది గానీ గది చిన్నది. "వాదిరాజ్ గారూ, ఈసారి కుర్రాణ్ణి ఎవర్నయినా పంపండి. ఏమీ అనుకోకండి. ఆడపిల్ల, పాపం, ఇంకా నేర్చుకుంటున్నట్టుంది."

సహన మరలు ఒక్కొక్కటే బిగిస్తున్నది. ఆఖరి మర బిగించి రేకు మీది వేలిముద్రను చున్నీ కొసతో తుడిచింది.

*

తిరుగు బస్సులో సహన మాట్లాడలేదు. ఇంటికొచ్చాక కూడా తల్లి అడిగినదానికి ఆఁ, ఊఁ అన్నది తప్ప ఇంకో మాట లేదు. పంపమ్మ భర్త ఈరన్న జిన్నింగ్ మిల్లు నుంచి జుట్టునిండా పత్తి దూదితో వచ్చి ఇద్దరినీ చూసి, "ఏంది, ఇంట్ల రేడియో బంద్ అయింది?" అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పంపమ్మ మనసులో ఒకటే లెక్క తిరుగుతున్నది. నేనే దించిన అని చెబితే వాదిరాజ్ ఏమంటాడు? తల్లిని వెంటేసుకుని పొమ్మన్నదెవరు, ఇంక పనికి రావద్దు అంటాడు. చెప్పకపోతే? పిల్ల మీద మచ్చ. డిస్కు తట్టుకోలే అన్నప్పుడు సహన గొంతు ఎంత మామూలుగా ఉంది. అంత మామూలుగా అబద్ధమాడడం ఎక్కడ నేర్చుకుంది? ఈ భయం కొత్తది, దీన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. రొట్టె పెనం మీద మాడింది.

మరునాడు సహన బువ్వ డబ్బా తీసుకోకుండా పోయింది. మరిచిపోయిందో, కావాలనే వదిలేసిందో. పంపమ్మ డబ్బాను గుడ్డలో కట్టుకుని తీన్ కందిల్ చౌరస్తా దగ్గరున్న దుకాణానికి నడిచింది. మెట్ల కిందనే ఆగింది. ఎప్పుడూ సహన కూర్చునే లోపలి బల్ల, విప్పిన సీపీయూలు, సన్నటి దీపం ఉండే బల్ల, ఖాళీగా ఉంది. సహన ముందు కౌంటర్ దగ్గర నిలబడి ఎవరికో ఆధార్ కాగితం జిరాక్సు తీసి ఇస్తున్నది. తర్వాత ఒకతనికి మౌసు చూపించింది. అతను రంగు బాగాలేదని ఇంకోటి అడిగాడు. ఇంకోటి చూపించింది.

ఒక ముసలాయన సంచిలో సీపీయూ పెట్టుకుని వచ్చాడు. "ఆన్ అయితలేదు. సార్ లేడా?"

"నాకియ్యండి, చూస్త," అన్నది సహన.

"వద్దు తల్లీ, సార్ రానీ," అని ఆయన సంచిని ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. సహన కాగితాల కట్టను తట్టి అంచులు సమానం చేసింది. అవి అప్పటికే సమానంగా ఉన్నాయి.

వాదిరాజ్ భోజనం చేసి వచ్చి పంపమ్మను చూశాడు. "ఏం అక్కా, మెట్ల మీదనే నిలబడితివి. రా లోపటికి."

"బువ్వ డబ్బా ఇచ్చి పోదామని. సార్, బిడ్డ లోపటి బల్ల మీద లేదేంది?"

"కొన్ని దినాలు ఈడనే ఉండనీ అక్కా. ఇండ్లకు పోయే పని అర్జున్ చూస్కుంటడు. దేవదుర్గ బడిల మిషన్లు పెడుతున్నడు, ఎల్లుండి పొద్దుగాల వస్తడు. వచ్చినంక శక్తినగర్ తోలుత." అతని గొంతులో కోపం లేదు. అదే పంపమ్మకు ఎక్కువ గుచ్చుకుంది. "కాలనీల ఒకరు చెప్పుకుంటే పదిమంది వింటరు. ఆడపిల్ల చేసి ఖరాబ్ చేసిందంటే దుకాణానికి తకలీఫ్."

"పోయిన పండుగప్పుడు అర్జున్ వైరు తప్పు పెట్టి ఎవరిదో మిషన్ కాలవెట్టిండని బిడ్డ చెప్పింది."

"వాడా? అది చేతిల జరిగే పొరపాటు. పనోళ్ళకు అయితనే ఉంటది."

పంపమ్మ డబ్బా కౌంటరు మీద పెట్టింది. సహన దాన్ని కిందికి జరిపి, వచ్చిన మనిషికి రీచార్జి చేసి ఇచ్చింది. పంపమ్మ మెట్లు దిగి నడుస్తుంటే ఎండ తెల్లగా, ఆ కాలనీ బూడిదలాగ రోడ్డు మీద పరుచుకుని ఉంది. బండ్లూ మనుషులూ దానిలోంచి చప్పుడు లేకుండా వస్తూ పోతూ ఉన్నట్టనిపించింది. ఆ అర్జున్ చేస్తే చేతిల జరిగింది, నా బిడ్డ చేస్తే ఆడపిల్ల చేసింది. నా బిడ్డ చేయనే లేదు గద. గంజ్ రోడ్డు మలుపు దాకా ఆ మాటే నోట్లో పెట్టుకుని నడిచింది.

ఇల్లు కనబడుతున్నది. పంపమ్మ ఆగింది. చెబితే పని పోతుందేమో. చెప్పకపోతే సహన ఆ కౌంటరు దగ్గరే నిలబడి కాగితాల అంచులు తడుతూ ఉంటుంది. ఒక నెల, రెండు నెలలు, తర్వాత అదే ఆమె పని అవుతుంది. ఎన్నడూ భయపడని సంగతి ఇది. బస్సులూ కరెంటూ మగవాళ్ళూ, అన్నిటికీ భయపడింది. పిల్ల చేతులు ఊరికే ఉండిపోతాయని మాత్రం భయపడలేదు.

తిరిగి నడిచింది.

దుకాణంలో ముసలాయన ఇంకా ఉన్నాడు. వాదిరాజ్ ఆయన సీపీయూ విప్పుతున్నాడు. సహన తలెత్తి, తల్లిని మళ్ళీ చూసి, కనుబొమలు ముడిచింది.

"సార్," అన్నది పంపమ్మ. "నిన్న మెయిన్ దించింది నేను."

వాదిరాజ్ స్క్రూడ్రైవరు అట్లాగే పట్టుకుని చూశాడు. "ఏ మెయిన్?"

"ఆ మేడం ఇంట్ల. కునుకు పట్టింది. కరెంటు జర అటిటు అయింది. మా ఇల్లే అనుకున్న. లేచి దించిన. బిడ్డది ఏం తప్పు లేదు. బొమ్మలు కూడ ముందే కాపీ తీసిపెట్టింది. నేను చెప్పకపోతి, అదీ చెప్పకపాయె."

"అమ్మా, నువ్వు పో," అన్నది సహన, కౌంటరు వైపే చూస్తూ.

ముసలాయన స్టూలు మీద ముందుకు వంగాడు. "మా గల్లీల కూడ దించుతరు," అన్నాడు ఎవరూ అడగకుండానే. "దించకపోతే ఫ్రిజ్జులు కాలుతయి."

వాదిరాజ్ ముఖంలో నవ్వు మొదలై ఆగిపోయింది. ఫోను తీసి నంబరు నొక్కి, అవతల మాట వినిపించగానే పంపమ్మ చేతికిచ్చాడు. "నాకు కాదక్కా. ఆమెకు చెప్పు."

పంపమ్మ ఫోనును చెవికి ఎంత గట్టిగా నొక్కుకుందంటే చెవి నొప్పి పుట్టింది. చెప్పింది. ఒక్కో మాట మధ్య ప్లాంటు హోరు వినిపించింది, లేకపోతే అది తన చెవిలోని రక్తమో.

"ఆగండాగండి," అన్నది ఇందుమతి. "మా వరండాలో మెయిన్ తీశారా? మీరా? అదెక్కడుందో మాకే తెలీదు, మీకెలా తెలిసింది?"

"తలుపెనక ఉంటది మేడం. అన్ని ఇండ్లల్ల గాడనే ఉంటది."

ఇందుమతి గొంతులోంచి వచ్చింది నవ్వో నిట్టూర్పో తెలియలేదు. "ఎంత పని చేశారు పంపమ్మ గారూ. నేను ఆ పిల్లని అనరాని మాట అన్నాను. బొమ్మలు నిజంగా ఉన్నాయా?"

"ఉన్నయి. అది ముందు కాపీ తీసినంకనే వేరే పని ముట్టుకుంటది."

"అయితే ఆ పిల్లనే రేపు పంపండి. ఒక్క మాట, ఏమీ అనుకోకండి. మీరు మాత్రం రావద్దు."

పంపమ్మ ఫోను తిరిగిచ్చింది. వాదిరాజ్ అవతలి మాట విని, సరే సరే అని పెట్టేశాడు. "విన్నవు గద అక్కా. నేను కూడ అదే అంట. ఇంక నువ్వు యాడికీ పోవద్దు. ఇష్టమైతే సహన పోతది, లేకుంటే అర్జున్ పోతడు. నువ్వే చెప్పు."

దుకాణంలో ఫ్యాను తిరుగుతున్నది. సహన చూపు ఇప్పుడు తల్లి మీద ఉంది.

"బిడ్డ పోతది," అన్నది పంపమ్మ.

*

పొద్దున సహన నల్లబ్యాగులో కొత్త డిస్కు పెట్టుకుని, "పోతున్న," అన్నది. రెండు రోజుల్లో ఇంట్లో ఆమె అన్న పెద్దమాట అదే. పంపమ్మ వాకిట్లో నిలబడి, నోటిదాకా వచ్చిన మాటలన్నిటినీ లోపలికి పంపేసి, తల ఊపింది. సహన వీధి మలుపు తిరిగేదాకా ఆమె నిలబడిన చోటు నుంచి కదలలేదు.

ఫోను గూట్లో ఉంది. పంపమ్మ దాని దగ్గరికి పోయింది, వచ్చింది. పని మధ్యలో మోగితే పిల్ల చూపు తప్పుతుంది. ముట్టుకోకూడదు. జొన్నపిండి కలిపింది. బస్సు ఇప్పుడు ఊరు దాటి ఉంటుంది. రొట్టె తట్టింది. ఇప్పుడు పొగగొట్టాలు కనిపిస్తుంటాయి. గుడి వైపు ఎవరు తిరుగుతారు? పంపమ్మే అరచేతుల పిండి దులుపుకుని ఉత్తరం దిక్కుకు తిరిగి చేతులు జోడించింది.

ఇల్లు ఊడ్చింది. ఊడ్చిన ఇంటినే మళ్ళీ ఊడ్చింది. మధ్యాహ్నం ఎండ గడపలోంచి లోపలికి వచ్చి బండల మీద సన్నటి గీతలాగ పడింది. పంపమ్మ గోడకు ఆనుకుని దాన్నే చూస్తూ కూర్చుంది. కదులుతున్నట్టు లేదు. కాని ఒక బండ దాటి ఇంకో బండ మీదికి వచ్చింది. ఇప్పుడు అక్కడ కూడా గీత నిండుతూ ఉంటుంది. సహన గోడకు ఆనుకుని మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని ఉంటుంది. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంటుంది. బల్బు ఒకసారి రెప్ప కొట్టింది. పక్కింట్లోంచి "మెయిన్" అని కేక వచ్చింది. వీధి పొడుగునా టక్ టక్ మని స్విచ్చులు పడ్డాయి. పంపమ్మ లేచి తమ స్విచ్చు దించి, అక్కడే దాని మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. ఎంతసేపు నిలబడిందో ఆమెకు తెలియదు. మెలకువ లాంటిదే, కాని ఆ మెలకువలో తాను కాలనీ వాకిట్లో ఉన్నట్టూ, ఆకుల మీది బూడిదను ఊదుతున్నట్టూ ఉంది.

పొద్దు వాలుతుండగా ఈరన్న వచ్చాడు. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు. "వాదిరాజ్ తీన్ కందిల్ కాడ కనవడ్డడు. మంచిగయిందంట. ఆ మేడం ఫోన్ చేసి మురిసిపోయిందంట. బొమ్మలన్నీ ఉన్నయంట, అక్షరాలు జొన్నగింజలంత అయినయంట. పక్క క్వార్టర్స్ వాళ్ళు కూడ మా మిషన్ చూడమన్నరంట, నీ బిడ్డ పేరు పెట్టి అడిగిండ్రంట." దుమ్ము పట్టిన తల తుడుచుకుంటూ, "మిషనే తెలుగు నేర్చె, ఇంక మనం కూడ ఇంట్ల మాట్లాడుకోవచ్చు," అన్నాడు.

అతను స్నానానికి పోయాక సహన వచ్చింది. భుజాల మీద బూడిద పొడి. బ్యాగు కొక్కేనికి తగిలించింది. కాళ్ళు కడుక్కుని నీళ్ళు తాగింది. పంపమ్మ గడప దగ్గర మెంతికూర కట్ట విప్పుకుని కూర్చుని ఉంది. సహన ఎదురుగా కూర్చుని ఒక గుప్పెడు తన వైపు లాక్కుంది. ఇద్దరూ ఆకులు గిల్లుతున్నారు. వీధిలో ఎవరో సైకిలు మీద పోతూ గంట కొట్టారు. బస్సుల జనం ఉండెనా, ఎవరన్న ఏమన్న అనిరా, ఎండ దెబ్బ తగలలే గద. ఎన్నో అడగాల్సినవి వరసలో నిలబడ్డాయి. పంపమ్మ వాటిని పక్కకు తోసి, మూడు దినాలుగా గొంతులో ఉన్నదాన్ని తీసింది.

"ఆ దినం నేనని ఎందుకు చెప్పకపోతివి బిడ్డా?"

సహన కాడ గిల్లింది. ఆకులు గిన్నెలో వేసింది. ఇంకో కాడ తీసుకుంది. పండిన ఆకు ఒకటి తీసి పక్కకు పెట్టింది. లోపల చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వచ్చింది, ఆగింది. ఎదురింటి గోడ మీది ఎండ పైకి జరిగి జరిగి అంచు దాటి పోయింది. పంపమ్మ చేతులు ఆగిపోయాయి. సహన చేతులు ఆగలేదు. మట్టి అంటిన వేరు ఒకటి విరిచి, దాన్ని రెండు వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయింది. ఆ తర్వాత తలెత్తకుండానే అన్నది.

"చెప్తే నిన్ను నాతోని రానియ్యకపోదురు."